దక్షిణ కొరియా ఉల్సాన్‌లోని హ్యుందాయ్ ఓడల యార్డులో ఓడలు అంత త్వరగా ఎలా దిగుతున్నాయి? క్రేన్ల వల్లేనా?

కొత్తచదువరి (చర్చ మొదలుపెట్టినవారు)

హ్యుందాయ్ హెవీ ఇండస్ట్రీస్ మీద ఏ వీడియో పెట్టినా ముందు డాకు మీద అడ్డంగా నిలబడే ఆ పెద్ద గోలియత్ క్రేనే చూపిస్తున్నారు. అంత పెద్ద క్రేను ఉంటే మన విశాఖలోనూ ఆ వేగం వస్తుందా? లేక అసలు కిటుకు వేరే ఎక్కడైనా ఉందా? ప్లేటు లోపలికి వచ్చినప్పటి నుంచి ఓడ బయటికి వెళ్లేదాకా ఏ దశలో ఏం జరుగుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఇంకోటి, కార్ల హ్యుందాయ్, ఈ ఓడల హ్యుందాయ్ ఒకటేనా?

డాకుగేటు

చివరిది ముందు తేల్చేద్దాం. రెండింటినీ మొదలుపెట్టింది చుంగ్ జు-యుంగే. కానీ ఓడల కంపెనీ 2002లో పాత గ్రూపు నుంచి పూర్తిగా విడిపోయింది. ఇప్పుడు దాని గ్రూపు పేరు హెచ్‌డీ హ్యుందాయ్. శ్రీపెరుంబుదూరు కార్ల ఫ్యాక్టరీకి, పెనుకొండ కియాకి దీనితో వ్యాపారపరంగా ఏ లంకె లేదు.

ఇక క్రేను సంగతి. ఉల్సాన్‌లో అందరూ ఫొటో తీసుకునే 1,500 టన్నుల గోలియత్ అసలు స్వీడన్‌లో మాల్మో ఊరిది, కాకుమ్స్ యార్డుది. 138 మీటర్ల ఎత్తు. అక్కడ ఓడల పని ఆగిపోయాక హ్యుందాయ్ దాన్ని 1 డాలరుకు కొని, 2002లో విప్పించి, ఓడ మీద కొరియాకి తెచ్చుకుంది. క్రేను వల్లే ఓడలు వచ్చేట్టయితే మాల్మో యార్డు మూతపడేదే కాదు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

అసలు సరుకు డాకులో చోటు. డాకు అంటే ఓడను కట్టే పెద్ద గొయ్యి, పని అయ్యాక నీళ్లు నింపి ఓడను తేల్చి గేటు గుండా బయటికి తీస్తారు. యార్డులో మిగతావన్నీ పెంచుకోవచ్చు. షెడ్డు ఇంకోటి కట్టొచ్చు, మనుషుల్ని తేవచ్చు. డాకు మాత్రం తవ్వినన్నే ఉంటాయి. ఒక ఓడ డాకులో ఒక వారం ఎక్కువ కూర్చుంటే దాని వెనకున్న ఓడలన్నీ వారం జరుగుతాయి. అందుకని యార్డు మొత్తం ఒకే లెక్క మీద నడుస్తుంది: డాకులో చేయాల్సిన పనిని ఎంత ముందుకు లాగగలం?

ఓడను బ్లాకులనే పెద్ద ముక్కలుగా షెడ్డులో చేసి, డాకులో ఒకదానికొకటి అతుకుతారు. ఒక బ్రాకెట్ (మూలకి బలమిచ్చే చిన్న పలక) వెల్డు చేయాలనుకోండి. షెడ్డులో బ్లాకును తలకిందులుగా పెట్టి చేస్తే చేయి కిందికి ఉంటుంది, వెల్డు చకచకా సాగుతుంది. అదే బ్రాకెట్‌ను డాకులో, ట్యాంకు లోపల, మెడ ఎత్తి పైకి చూస్తూ చేస్తే మూడు నాలుగు రెట్ల టైము. పైగా మంచె కట్టాలి, లైటు లాగాలి, గాలి ఫ్యాను పెట్టాలి, ట్యాంకు ముఖం దగ్గర కాపలా మనిషి ఉండాలి. పైపులు, కేబుల్ ట్రేలు, నిచ్చెనలు, పంపుల ఫౌండేషన్లు అన్నీ బ్లాకు నేల మీద ఉండగానే బిగించేయడం ఇందుకే. ఆ తర్వాత నాలుగైదు బ్లాకుల్ని కలిపి గ్రాండ్ బ్లాకు చేసి, రంగు వేసి, ఒకేసారి ఎత్తుతారు. పెద్ద క్రేను అక్కరకొచ్చేది అక్కడ. నిండుగా సిద్ధమైన బ్లాకు లేకపోతే 1,500 టన్నుల క్రేను ఖాళీ డొప్పనే ఎత్తుతుంది.

కొలతబద్ద

డాకుగేటు గారు చెప్పినదానికి ఒక షరతు ఉంది. ముందే పైపులు బిగించిన బ్లాకు పక్క బ్లాకుతో కలవకపోతే చేసిన పని మొత్తం తిరగబడుతుంది. ఉత్త డొప్ప అయితే అంచు కోసి సరిచేస్తాం. పైపు ఫ్లాంజి (పైపు కొనన బోల్టులు బిగించే చక్రం) 15 మిల్లీమీటర్లు పక్కకి ఉంటే కోసి, కొత్త ముక్క చేసి, మళ్లీ జింకు పూత పూయించి తేవాలి.

హ్యుందాయ్ ఈ పాఠం మొదటి ఓడతోనే నేర్చుకుంది. 1972 మార్చిలో మిపో ఖాతంలో తవ్వకం మొదలైంది. ఒక పక్క డాకు తవ్వుతూనే ఇంకో పక్క గ్రీకు యజమాని లివనోస్‌కి 2.6 లక్షల టన్నుల చమురు ఓడలు రెండు కట్టారు. 1974 జూన్‌లో యార్డు ప్రారంభం, ఆ ఓడలకు పేరు పెట్టడం ఒకే రోజు. ఓడ డిజైను స్కాట్లండ్ యార్డుది. వాళ్లకు చోటు చాలక ఓడను రెండు సగాలుగా కట్టే అలవాటు. హ్యుందాయ్ కూడా అలాగే కట్టింది, తీరా చూస్తే రెండు సగాలూ సరిగ్గా అతకలేదు. కొలత మీద అక్కడ ఈనాటికీ ఉన్న పట్టుదలకి పునాది అదేనని నా అభిప్రాయం.

తేడా ఎక్కడి నుంచి వస్తుందంటే, ఒకటి వెల్డు లాగుడు. బట్ వెల్డు (రెండు ప్లేట్ల అంచులు ఎదురెదురుగా పెట్టి అతికేది) చల్లారేటప్పుడు మందాన్ని బట్టి 1 నుంచి 3 మిల్లీమీటర్లు అడ్డంగా ముడుచుకుంటుంది. పది జాయింట్లు వరసగా ఉంటే 20 మిల్లీమీటర్లు ఇట్టే పోతాయి. అందుకే ప్లేటు కోసేటప్పుడే ఆ మేర కలిపి కోయాలి. ఎంత కలపాలన్నది పుస్తకంలో దొరకదు. ఆ యార్డులో, ఆ మెషీన్ మీద, ఆ మందానికి ఎంత ముడుచుకుందో వందలసార్లు రాసిపెట్టుకున్న పట్టికలో ఉంటుంది. పట్టిక లేని యార్డు ప్రతి బ్లాకు అంచునా 30–50 మిల్లీమీటర్లు అదనంగా వదిలి, డాకులో నిలబెట్టాక గీత గీసి కోస్తుంది. ఆ కోత, గ్రైండింగు అయ్యేదాకా క్రేను బ్లాకును పట్టుకుని వేలాడుతూనే ఉంటుంది.

రెండోది ఎండ. ఉక్కు డిగ్రీకి, మీటరుకి 0.012 మిల్లీమీటరు పెరుగుతుంది. 300 మీటర్ల ఓడకి 10 డిగ్రీల తేడా అంటే 36 మిల్లీమీటర్లు! అదీ సమంగా పెరిగితే. మధ్యాహ్నం డెక్కు కాలిపోతూ అడుగు చల్లగా ఉంటే ఓడ నడుము పైకి లేచి రెండు కొనలూ కిందికి వంగుతాయి. కీలకమైన కొలతలన్నీ తెల్లారకముందే తీసుకోవాలి. మధ్యాహ్నం తీసుకున్న టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే పరికరం) రీడింగు పక్కన ఉష్ణోగ్రత రాయకపోతే ఆ కాగితం పనికిరాదు.

మల్కాపురం వెల్డర్

కొలతబద్ద అన్నా, లాగుడు గురించి బాగా చెప్పావు. నేను వెల్డింగు వైపు నుంచి చెప్తా.

ప్లేటు యార్డుకి రాగానే షాట్ బ్లాస్టు కొట్టి, జింకు సిలికేట్ షాప్ ప్రైమరు (తుప్పు పట్టకుండా వేసే తొలి పూత) 15–20 మైక్రాన్లు కొడతారు. చాలామంది దీన్ని పట్టించుకోరు. ప్రైమరు మందం 30 దాటితే ఫిల్లెట్ వెల్డులో (ప్లేటు మీద ప్లేటు నిలబెట్టి మూలన కొట్టేది) జింకు ఆవిరి బయటికి పోలేక పురుగు తొలిచినట్టు బొక్కలు పడతాయి. రెండు పక్కలా ఒకేసారి వెల్డు చేసే మెషీన్ మీద మరీ ఎక్కువ, ఎందుకంటే ఆవిరికి దారే ఉండదు. వెల్డరుని తిట్టేముందు ప్రైమరు గేజి పెట్టి చూడాలి.

చదును ప్యానెళ్లకి ఒక పక్క నుంచే సబ్‌మెర్జ్‌డ్ ఆర్క్ (ఫ్లక్సు పొడి కింద మండే వెల్డింగు) కొట్టేస్తారు, కింద రాగి పలక, దాని మీద ఫ్లక్సు ఉంటాయి. ప్యానెలు తిప్పే పని తప్పుతుంది. డాకులో బ్లాకుల మధ్య జాయింట్లకి సీఓటూ గ్యాసుతో 1.2 మిల్లీమీటర్ల ఫ్లక్స్ కోర్డ్ వైరు, వెనక సెరామిక్ టేపు. గ్యాపు 6 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే సుఖం. గ్యాపు 3కి తగ్గితే రూటు (జాయింటు అడుగు) కరగదు. 15 దాటితే అంచుకి వెల్డు పేర్చుకుంటూ రావాలి. ఇంకా పెద్దదైతే ప్లేటు ముక్క మార్చాలి. అంటే కొలత తప్పితే శిక్ష పడేది వెల్డరుకే.

గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే గ్యాసు ఎగిరిపోతుంది, బొక్కలు తప్పవు. ఉల్సాన్ యార్డు సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి గుడారం గుడ్డ కట్టకుండా వెల్డు మొదలుపెట్టరు. జూన్, జూలైల్లో అక్కడ వానాకాలం. తడిసిన జాయింటును టార్చితో ఆరబెట్టకుండా కొడితే హైడ్రోజన్ చేరి మర్నాడు పగులు వస్తుంది. వెల్డు అయిన గంటకే అల్ట్రాసోనిక్ చూసి 'ఓకే' అనడం తప్పు, మందపాటి ప్లేటుకి అస్సలు పనికిరాదు.

మందం అంటే గుర్తొచ్చింది. పెద్ద కంటెయినర్ ఓడలకి పైన హ్యాచ్ కోమింగ్ (సరుకు దింపే నోటి చుట్టూ ఉండే గోడ) ప్లేటు 80 మిల్లీమీటర్లు దాటుతుంది. డెక్కు మధ్యలో తెరిచే ఉంటుంది కాబట్టి బలం అంతా ఆ రెండు అంచుల్లోనే ఉండాలి. అక్కడ పగులు మొదలైతే ఆగకుండా పరిగెడుతుందన్న భయంతోనే పగుల్ని ఆపే ప్రత్యేక ఉక్కు, జాయింట్లు ఒకే గీతలో రాకుండా జరపడం లాంటి నియమాలు వచ్చాయి.

కొత్తచదువరి

కళ్లు తెరిపించారు. డాకు చోటే అసలు సరుకైతే, ఒక డాకులో ఒకే ఓడ కట్టడం నష్టమే కదా?

డాకుగేటు

అందుకే ఒకటిన్నర కడతారు. పొడుగు డాకులో గేటు వైపు పూర్తి ఓడ, లోపలి వైపు తర్వాతి ఓడ వెనక సగం. ఇంజన్ రూము అక్కడే ఉంటుంది, పని ఎక్కువ కాబట్టి ముందే మొదలవుతుంది. నీళ్లు నింపి పూర్తి ఓడను బయటికి లాగేశాక, ఆ సగం ఓడను తేల్చి గేటు వైపు జరిపి మళ్లీ దిమ్మెల మీద దింపుతారు.

చిక్కంతా ఆ దింపడంలోనే. సగం ఓడకి వెనక బరువు ఎక్కువ, ముందు ఏమీ ఉండదు, కాబట్టి ఏటవాలుగా తేలుతుంది. తెగిన ముఖానికి నీళ్లు రాకుండా తాత్కాలికంగా మూయాలి, బ్యాలస్టు (సమతూకం కోసం ట్యాంకుల్లో పట్టే నీళ్లు) నింపి సమం చేయాలి. దిగేటప్పుడు ముందు ఒక్క దిమ్మె మీద బరువు పడితే అక్కడ ప్లేటు సొట్ట పోతుంది. నీళ్లు తోడాక మధ్యగీత మళ్లీ కొలిచి చూసుకునే ముందుకెళ్లాలి.

నీళ్లు నింపేముందు చూడాల్సినవి కూడా రాస్తా: అడుగు ప్లగ్గులన్నీ బిగించి సిమెంటు పెట్టారా, సీ చెస్టు (సముద్రపు నీళ్లు లోపలికి తీసుకునే పెట్టె) వాల్వులు మూసి ఉన్నాయా, చుక్కాని కదలకుండా కట్టారా, తాత్కాలికంగా కోసిన రంధ్రాల జాబితాలో ప్రతిదానికీ సంతకం పడిందా. చివరిదే జనం మర్చిపోయేది.

డాకులన్నీ నిండిపోయినప్పుడు 2004లో ఇంకో దారి తొక్కారు. 1,05,000 టన్నుల చమురు ఓడను డాకు లేకుండా నేల మీదే కట్టి, పట్టాల మీద జరిపి బార్జిలోకి ఎక్కించి, బార్జిని ముంచి తేల్చారు. డాకు చోటు ఎంత విలువైనదో దీన్ని బట్టే తెలుస్తుంది.

సెకండింజనీరు

ఇంజన్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ యార్డుకి రెండో బలం ఇంజన్ షాపు గోడ పక్కనే ఉండటం. 1978లో పెట్టారు. పెద్ద రెండు స్ట్రోకుల ఇంజన్ల డిజైను యూరపుది, లైసెన్సు మీద తయారీ ఇక్కడ. 2000లో సొంత డిజైనుతో హిమ్‌సెన్ నాలుగు స్ట్రోకుల ఇంజను తెచ్చారు. ఓడల జనరేటర్లలో ఇప్పుడు అది సర్వసాధారణం. ఓడలే కాదు, కంటెయినర్ పెట్టెలో అమర్చిన ఈ ఇంజన్ల విద్యుత్ కేంద్రాలు క్యూబాకి వెళ్లాయి, ఆ దేశం 10 పెసోల నోటు మీద దాని బొమ్మే వేసింది.

ఓడలో బిగింపు వరస ఇది. షాపులో ఇంజను మొత్తం కట్టి, నీటి బ్రేకు (ఇంజను మీద లోడు మోపే యంత్రం) మీద 25, 50, 75, 100, 110 శాతం లోడు పెట్టి పరీక్షిస్తారు. తర్వాత క్రేను సామర్థ్యాన్ని బట్టి మొత్తంగానో ముక్కలుగానో ఓడలోకి దింపుతారు. ఓడ నీళ్లలో తేలాక, తెల్లారకముందు, షాఫ్టు అలైన్‌మెంటు (ఇంజను నుంచి ప్రొపెల్లరు దాకా ఇరుసు ఒకే గీతలో ఉండేలా సరిచేయడం). కారణం కొలతబద్ద గారు చెప్పిందే. డాకులో దిమ్మెల మీదున్న ఓడ ఆకారం వేరు, తేలాక వేరు. క్రాంక్ షాఫ్టు డిఫ్లెక్షన్ (తిరిగేటప్పుడు ఎంత వంగుతుందో ఆ కొలత) రాసుకుని, ఇంజను కింద ఎపాక్సీ చాకు (గట్టిపడి ఇంజనును మోసే రెజిన్ దిమ్మె) పోస్తారు. ఉక్కు 15 డిగ్రీల దగ్గర ఉంటే గట్టిపడటానికి 48 గంటలు, ఇంకా వెచ్చగా ఉంటే తక్కువ సమయం చాలు. చలికాలంలో హీటర్లు పెట్టకుండా తొందరపడి ఫౌండేషన్ బోల్టు బిగిస్తే చాకు నలుగుతుంది, డిఫ్లెక్షన్ మారిపోతుంది. బోల్టులు బిగించాక డిఫ్లెక్షన్ మళ్లీ చూడాలి. మొదటి రీడింగుకీ దీనికీ తేడా ఉంటే ఆపేయాలి.

హిమ్‌సెన్ హెచ్21/32 వాడేవాళ్లకి ఒక మాట. బోరు 210, స్ట్రోకు 320 మిల్లీమీటర్లు. బిగ్ ఎండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్ షాఫ్టును పట్టుకునే చోటు) కదపకుండానే పిస్టన్ పైకి లాగేలా కనెక్టింగ్ రాడ్డు చేశారు, హెడ్డు, లైనరు, పిస్టన్ అంతా ఒకే యూనిట్‌గా కూడా తీయొచ్చు. ఇది నిజంగా మంచి ఆలోచన. తేడా వచ్చేది ఎక్కువగా ఇంధనం మార్చేటప్పుడు. వేడి హెవీ ఆయిలు నుంచి గ్యాస్ ఆయిలుకి (డీజిల్ లాంటి పల్చటి ఇంధనం) నిమిషానికి 2 డిగ్రీల కంటే వేగంగా దిగితే పంపులో కదిలే ప్లంజరు ముడుచుకోకముందే దాని చుట్టూ ఉన్న బ్యారెల్ ముడుచుకుని పట్టేస్తుంది. పంపు దగ్గర చిక్కదనం 2 సెంటిస్టోక్స్ కంటే తగ్గకూడదు. వేడి సముద్రాల్లో ఇందుకోసం ఇంధనాన్ని చల్లబరిచే చిల్లరు కావాలి.

శీతలం

ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు) మోసే ఓడల గురించి కొంచెం. కొరియాలో కట్టిన మొదటి ఎల్‌ఎన్‌జీ ఓడ హ్యుందాయ్ యుటోపియా, 1994, 'మాస్' అనే రకం గుండ్రటి ట్యాంకులు. ఇప్పుడు ఎక్కువగా ఫ్రెంచి కంపెనీ జీటీటీ వారి మార్క్ త్రీ మెంబ్రేన్ (ఓడ గోడకే లోపల పల్చటి రేకు పొర వేసే రకం). ట్యాంకు లోపలి పొర 1.2 మిల్లీమీటర్ల 304ఎల్ స్టెయిన్‌లెస్ రేకు. మైనస్ 163 డిగ్రీలకి ఈ రేకు మీటరుకి దాదాపు 3 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది, 40 మీటర్ల ట్యాంకుకి 11 సెంటీమీటర్ల పైనే. చదునుగా అతికిస్తే చిరిగిపోతుంది. అందుకే రెండు దిక్కులా 340 మిల్లీమీటర్లకొక మడత ఉంటుంది, ముడుచుకునే మేరనంతా అది మింగేస్తుంది. దాని వెనక ఫోము, మధ్యలో గాజుగుడ్డ-అల్యూమినియం రేకు కలిపిన రెండో పొర. మార్క్ త్రీ ఫ్లెక్స్ అనే రకంలో ఇన్సులేషన్ 400 మిల్లీమీటర్లు.

ఇక్కడ వెల్డరు బూటు కింద ఒక్క ఇనుప రజను ఉన్నా రేకు మీద తుప్పు మచ్చ పడుతుంది. వెల్డుల్ని అమ్మోనియాతో పరీక్షిస్తారు: వెనక నుంచి గ్యాసు నింపి, ముందు వెల్డు మీద రంగు పూస్తారు, సూదిమొనంత చిల్లు ఉన్నా పసుపు రంగు నీలమవుతుంది. రెండో పొర జిగురు మీద ఆధారపడుతుంది కాబట్టి అతికించే చోట తేమ, ఉష్ణోగ్రత రెండూ అదుపులో లేకపోతే ఆ రోజు పని ఆపాల్సిందే.

పొక్లెయిన్ మెకానిక్

టాపిక్ పక్కకి పోతే క్షమించండి. మన ఊళ్లలో ఏ కంపెనీదైనా 'పొక్లెయినే' అంటాం కదా, ఆ హ్యుందాయ్ ఎక్స్‌కవేటర్లు కూడా ఈ కంపెనీ నుంచి వచ్చినవే. 2017లో ఆ విభాగాన్ని వేరు చేశారు. మనకి వచ్చేవి పుణె దగ్గర చాకన్‌లో తయారవుతాయి.

గ్రానైటు క్వారీలో రాయి పగలగొట్టే బ్రేకరు వేసి నడిపేవాళ్లు చేసే తప్పు ఒకటే. బకెట్ పనికి రాసిన గంటల్ని బ్రేకరు పనికీ వాడటం. బకెట్‌కి హైడ్రాలిక్ ఆయిలు 2,000 గంటలు అంటే, బ్రేకరుకి 600. రిటర్న్ ఫిల్టరు 1,000 గంటలు అనేది 100కి దిగుతుంది. బ్రేకరు దెబ్బకి ఆయిలు వేడెక్కుతుంది, ఉలి దగ్గర నుంచి రాతి పొడి లోపలికి వస్తుంది. ఆ పొడి ముందు మెయిన్ కంట్రోల్ వాల్వు స్పూలును గీస్తుంది, తర్వాత పంపు పోతుంది. బూమ్ దానంతటదే కిందికి జారుతుంటే పంపు మార్చమనకండి, ముందు ఫిల్టరు కోసి లోపల ఇత్తడి రజను ఉందేమో చూడండి.

నల్లతీగ

ఇంతమంది ఉక్కు గురించి రాశారు, కరెంటు గురించి ఒక్కటి చెప్తా. 2024 మార్చి 26న బాల్టిమోర్ వంతెనను గుద్దిన డాలీ 2015లో హ్యుందాయ్ కట్టిన ఓడ. ఆరుగురు వంతెన పనివాళ్లు చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా సంస్థ 2025 నవంబరులో తేల్చిన కారణం ఏమిటో తెలుసా? ఒక్క సిగ్నల్ తీగ. దాని మీద నంబరు లేబుల్ తొడుగు ముందుకి జరిగి ఉండటంతో తీగ టెర్మినల్ స్ప్రింగ్ క్లాంపులోకి పూర్తిగా దిగలేదు. అది వదులై కరెంటు సర్క్యూట్ బ్రేకరు పడిపోయింది, ఓడ చీకటైంది. సిబ్బంది కరెంటు తిరిగి తెచ్చారు. కానీ జనరేటర్లకి ఇంధనం అందించడానికి వాడుతున్న ఫ్లషింగ్ పంపు దానంతటదే మళ్లీ స్టార్టయ్యే రకం కాదు. ఇంధనం ఒత్తిడి పడిపోయి రెండోసారి చీకటైంది.

అంత పెద్ద ఓడలో వేల టెర్మినళ్లు ఉంటాయి. చేయాల్సింది ఇది. లేబుల్ తొడుగు ఫెర్రూల్ (తీగ కొనకి తొడిగే లోహపు గొట్టం) ప్లాస్టిక్ కాలరు వెనకే ఆగాలి, దాని మీదికి ఎక్కకూడదు. ఫెర్రూల్ లోహం పొడవు టెర్మినల్ లోతుకి సరిపోవాలి. దూర్చాక ప్రతి తీగనూ చేత్తో లాగి చూడాలి, ఒక్కటీ వదలకుండా. రాకపోతేనే టిక్కు పెట్టాలి. చూస్తే బిగిసినట్టే కనిపిస్తుంది, లాగితేనే తెలుస్తుంది. స్టాండ్‌బై పంపు మాటకొస్తే, చీకటి పరీక్ష చేసినప్పుడు ఆ రోజు నిజంగా నడుస్తున్న పంపు వరసతోనే చేయాలి. డ్రాయింగులో ఉన్న పంపుతో చేసి సంతకం పెడితే అసలు లోపం బయటపడదు.

కొత్తచదువరి

నల్లతీగ గారూ, ఇది మా క్లాసులో అందరికీ చదివి వినిపిస్తాను. చివరిగా ఒకటి. విశాఖలోని మన హిందుస్థాన్ షిప్‌యార్డుకి, హ్యుందాయ్‌కి ఒప్పందం అని అప్పట్లో పత్రికల్లో వచ్చింది, ఏమైంది?

డాకుగేటు

నేవీకి ఐదు ఫ్లీట్ సపోర్ట్ ఓడల (యుద్ధనౌకలకి సముద్రంలోనే ఇంధనం, సామాను అందించేవి) విషయంలో మాటలు సాగాయి, కుదరలేదు. ఆ ఓడల కాంట్రాక్టు 2023 ఆగస్టులో విశాఖ యార్డుతో జరిగింది, దాదాపు 19,000 కోట్ల రూపాయలు. హ్యుందాయ్ వైపు 2025 జూలైలో కొచ్చిన్ షిప్‌యార్డుతో అవగాహన ఒప్పందం కుదిరింది.

ఎవరితో కుదిరినా వాళ్ల నుంచి అడిగి తీసుకోవాల్సింది క్రేను డ్రాయింగు కాదు. ఏ బ్లాకు ఏ రోజు డాకులోకి వెళ్లాలో, అప్పటికి అందులో ఏయే పైపులు బిగిసి ఉండాలో చెప్పే ప్రణాళిక, దాని వెనక వెల్డు ఎంత ముడుచుకుంటుందో చెప్పే పట్టికలు. కోత మొదలయ్యేనాటికి పైపుల డ్రాయింగులు పూర్తి కాకపోతే ముందే బిగించడం అన్నమాటే ఉండదు. ఏ యార్డులోనైనా పని వెనకబడేది ముందు అక్కడే.

కొలతబద్ద

కొత్తచదువరి తమ్ముడూ, ఆ పట్టిక మీ కాలేజీ వర్క్‌షాపులోనే మొదలుపెట్టొచ్చు. 12 మిల్లీమీటర్ల ప్లేట్లు రెండు, ఒక్కోటి 500 పొడవు, 300 వెడల్పు. అంచులు చెక్కి, 6 గ్యాపుతో, వెనక సెరామిక్ టేపు పెట్టి, రెండు చివరలా, మధ్యలో ట్యాక్ చేయండి. జాయింటుకి అటూ ఇటూ 100 మిల్లీమీటర్ల దూరంలో ఐదు జతల పంచ్ గుర్తులు కొట్టండి. వెల్డుకి ముందు, పూర్తిగా చల్లారాక గుర్తుల మధ్య దూరం కొలవండి. కరెంటు, వోల్టేజి, వేగం, ఎన్ని పాసులు, ప్లేటు ఉష్ణోగ్రత పక్కనే రాయండి. తర్వాత అదే ప్లేటును గట్టిగా క్లాంపు చేసి ఇంకో జత. రెండు అంకెలూ ఇక్కడ పెడితే 16, 20 మందాలకి ఎలా మారుతుందో చూద్దాం.